ఐవీఎఫ్ చేయించుకుంటున్నవారికి రిలాక్సేషన్ థెరపీలు ఎంతవరకు ఉపయోగపడతాయి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు క్లుప్తంగా చెబుతాను. మీకు 33 ఏళ్లు, మొదటి ఐవీఎఫ్ సైకిల్, అంటే పిండాన్ని ల్యాబ్‌లో తయారుచేసి గర్భాశయంలో ఉంచే చికిత్సలో మొదటి విడత, ఫలించలేదు, వచ్చే నెలలో రెండోది మొదలవుతుంది. “టెన్షన్ ఎక్కువ పెట్టుకుంది కాబట్టే నిలవలేదు” అని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. ఈలోగా ఒక వెల్‌నెస్ సెంటర్‌వారు యోగా, మసాజ్, సుగంధ తైలాలు, ఆక్యుపంక్చర్ అన్నీ కలిపి ఒక ప్యాకేజీ చూపించి, దానివల్ల సక్సెస్ రేటు పెరుగుతుందని చెప్పారు. ఆ డబ్బు పెట్టాలా, పెట్టకపోతే రేపు నేనే కారణమవుతానా అని అడిగారు.

నేను మొదట స్టాఫ్ నర్సుగా, ఆ తరువాత కౌన్సెలర్‌గా ఎన్నో ఏళ్లుగా సంతాన సాఫల్య కేంద్రాలలో పనిచేస్తున్నాను. నా సమాధానం ఇది. ఈ పద్ధతులలో కొన్ని మీ నిద్రకు, మనసుకు, చికిత్సను తట్టుకునే ఓపికకు నిజంగా మేలు చేస్తాయి. వాటివల్ల గర్భం నిలిచే అవకాశం పెరుగుతుందని నమ్మకంగా చెప్పగలిగినంత ఆధారం మాత్రం లేదు. కాబట్టి మీకు హాయిగా అనిపిస్తే చేయండి, అనిపించకపోతే మానేయండి. మానేసినందువల్ల మీ సైకిల్‌కు ఏ నష్టమూ జరగదు.

ముందుగా ఆ టెన్షన్ మాట సంగతి చూద్దాం, ఎందుకంటే మీ ప్రశ్నలో మిమ్మల్ని ఎక్కువగా బాధపెడుతున్నది అదేనని నాకు అనిపించింది. చికిత్సకు ముందు స్త్రీలలో ఉన్న ఆందోళనకు, ఆ తరువాత వచ్చిన ఫలితానికి సంబంధం ఉందేమోనని బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాకీ బోయివిన్, ఆమె సహచరులు 14 అధ్యయనాలను, అంటే 3,583 మంది స్త్రీల వివరాలను, ఒకచోట చేర్చి పరిశీలించి 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. ఎక్కువ ఆందోళనతో సైకిల్ మొదలుపెట్టినవారికి, నిబ్బరంగా మొదలుపెట్టినవారికి గర్భధారణలో చెప్పుకోదగిన తేడా వారికి కనిపించలేదు.

దీని వెనుక శరీరధర్మానికి సంబంధించిన కారణం కూడా ఉంది. తీవ్రమైన ఒత్తిడి, తిండి తగ్గిపోవడం వంటివి మెదడులోని హైపోథాలమస్‌పై ప్రభావం చూపి అండం విడుదలను ఆపేసే సందర్భాలు ఉన్న మాట వాస్తవమే. అయితే ఐవీఎఫ్‌లో అండాలను పెంచే హార్మోన్‌ను ఇంజెక్షన్ రూపంలో బయటి నుంచే ఇస్తారు, అండాలను సూదితో బయటకు తీస్తారు, పిండం ల్యాబ్‌లో తయారవుతుంది, గర్భాశయపు పొరకు కావలసిన ప్రొజెస్టిరాన్ కూడా మందుగానే అందుతుంది. ఒత్తిడి అడ్డుకోగలిగిన దారిని చికిత్స చాలావరకు దాటేస్తుంది. పిండం నిలవకపోవడానికి ముఖ్యమైన కారణాలలో ఒకటి దానిలోని క్రోమోజోముల లోపం. మీరు ఏడ్చినందువల్లనో, రాత్రి నిద్రపోనందువల్లనో ఆ లోపం ఏర్పడదు. మీ అత్తగారికి ఈ పేరా చదివి వినిపించినా నాకు అభ్యంతరం లేదు.

మరి ఫలితం మారనప్పుడు ఇవన్నీ ఎందుకు అని మీరు అడగవచ్చు. పది పన్నెండు రోజులు పొట్టకు ఇంజెక్షన్లు, రోజు విడిచి రోజు స్కాన్‌లు, ఎన్ని ఫాలికల్స్ (అండాలు పెరిగే సంచులు) పెరిగాయోనన్న లెక్క, ఎగ్ పికప్ (అండాలను బయటకు తీయడం), ఎన్ని పిండాలు అయిదో రోజుదాకా వచ్చాయోనని ఫోన్ కోసం చూడటం, ట్రాన్స్‌ఫర్ (పిండాన్ని గర్భాశయంలో ఉంచడం) తరువాత రెండు వారాల నిరీక్షణ, చివరికి బీటా రిపోర్ట్ (గర్భం నిలిచిందో లేదో చెప్పే రక్తపరీక్ష) అన్నవి మనిషిని లోపలి నుంచి అలసిపోయేలా చేస్తాయి. వైద్యపరంగా ఇంకా అవకాశం ఉన్నా, డబ్బు ఇబ్బంది లేకపోయినా, “ఇక నా వల్ల కాదు” అని చికిత్స మధ్యలో ఆపేసేవారు అన్ని దేశాలలోనూ ఉన్నారు. నా దగ్గరకు వచ్చేవారిలోనూ చాలామందిని చూశాను. ఆ అలసటను తగ్గించడానికి ఈ పద్ధతులు పనికివస్తాయి. నా దృష్టిలో అది చిన్న ప్రయోజనం కాదు.

ఇక మీకు చెప్పిన ప్యాకేజీలోని అంశాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

ఆక్యుపంక్చర్. దీని మీద ఆశ 2002లో మొదలైంది. జర్మనీలో 160 మంది స్త్రీలపై జరిగిన అధ్యయనంలో, ట్రాన్స్‌ఫర్‌కు ముందు, తరువాత సూదులు వేయించుకున్నవారిలో 42.5 శాతం మందికి గర్భం నిలిచిందని, వేయించుకోనివారిలో 26.3 శాతం మందికే నిలిచిందని తేలింది. ఇప్పటికీ చాలా సెంటర్ల కరపత్రాలలో ఇలాంటి అంకెలే కనిపిస్తాయి. కానీ ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 848 మందితో జరిగి 2018లో వెలువడిన పెద్ద అధ్యయనంలో కొందరికి అసలు సూదులు, మిగిలినవారికి గుచ్చినట్లు అనిపించే నకిలీ సూదులు వాడి పోల్చినప్పుడు, బిడ్డ పుట్టినవారు మొదటి వర్గంలో 18.3 శాతం, రెండో వర్గంలో 17.8 శాతం. అంటే తేడా లేనట్లే. సూదుల తరువాత ఒంటికి తేలికగా అనిపించిందని చెప్పేవారు నాకు ఎదురయ్యారు, వారి మాటను నేను కాదనను. వేయించుకోవాలనుకుంటే శిక్షణ పొందినవారి దగ్గరే వేయించుకోండి. మీ ఎదుటే కొత్త సూదుల ప్యాకెట్ విప్పాలి. మీ ఐవీఎఫ్ డాక్టరుకు ముందే తెలిసి ఉండాలి.

మసాజ్, సుగంధ తైలాలు. తలకు, మెడకు, భుజాలకు, పాదాలకు మృదువుగా నూనె పట్టించుకుంటే హాయిగా ఉంటుంది, అది ఇంట్లో అమ్మ చేసినా సరిపోతుంది. ఇంజెక్షన్లు మొదలైన దగ్గర నుంచి పొట్ట మీద, నడుము కింది భాగంలో ఎవరినీ నొక్కనివ్వకండి. ఈ దశలో అండాశయాలు ఉబ్బి బరువెక్కి ఉంటాయి, అవి మెలితిరిగే ప్రమాదం ఉంటుంది, అలా జరిగితే అత్యవసరంగా ఆపరేషన్ చేయవలసి రావచ్చు. ఆవిరి స్నానాలు, వేడినీటి తొట్టెలు ట్రాన్స్‌ఫర్ తరువాత పూర్తిగా మానాలి, ఎందుకంటే గర్భం తొలి రోజులలో ఒంటి వేడి అతిగా పెరగడం మంచిది కాదు. ఎగ్ పికప్ రోజున, ట్రాన్స్‌ఫర్ రోజున సెంటు, అత్తరు, వాసన నూనె ఏదీ వాడవద్దు. పిండాలను ఉంచే ల్యాబ్ గాలిలోకి ఘాటైన వాసన పదార్థాలు చేరకూడదన్న జాగ్రత్తతోనే మేము అలా చెబుతాము. “ఒత్తిడి తగ్గించే” మాత్రలు, పొడులు ప్యాకేజీలో ఉంటే మరింత జాగ్రత్త అవసరం. ఉదాహరణకు అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లపై ప్రభావం చూపగలదు, గర్భిణులు వాడకూడదని చెబుతారు. ఈ చికిత్సకు వచ్చేవారిలో థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు చాలామంది ఉంటారు కనుక, డాక్టరును అడగకుండా ఏ మూలికా వాడవద్దు.

యోగా, ప్రాణాయామం. నేను ఎక్కువగా నేర్పేది ఇక్కడే, కనుక కొంచెం వివరంగా రాస్తాను. సైకిల్ మొదలయ్యే ముందు ఈ నెల రోజులలో మీకు అలవాటున్న ఆసనాలన్నీ, సూర్యనమస్కారాలతో సహా, చేసుకోవచ్చు. ఇంజెక్షన్లు మొదలయ్యాక నడుము తిప్పే ఆసనాలు, ధనురాసనం వంటి పొట్టపై ఒత్తిడి పడేవి, శీర్షాసనం, సర్వాంగాసనం, గెంతడం, పరుగు మానేయాలి. కపాలభాతి, భస్త్రికలను ఈ దశలో చేయవద్దని గట్టిగా చెబుతాను, ఎందుకంటే అవి పొట్టను బలంగా కుదుపుతాయి. ఊపిరి బిగబట్టకుండా చేసే అనులోమ విలోమం, భ్రామరి, శవాసనం, సాయంత్రం నెమ్మదిగా నడక చాలు. ఎగ్ పికప్ తరువాత కొన్ని రోజులు నడక, శ్వాస తప్ప మరేమీ వద్దు.

ఇవేవీ రానివారికి నేను నేర్పేది ఎడ్మండ్ జేకబ్‌సన్ అనే అమెరికన్ వైద్యుడు గత శతాబ్దపు తొలి దశకాలలో రూపొందించిన కండరాల సడలింపు పద్ధతి. వెల్లకిలా పడుకొని లేదా కుర్చీలో వెనక్కి ఆనుకొని, కుడి పిడికిలిని అయిదారు సెకన్లు గట్టిగా బిగించి, ఒక్కసారిగా వదిలేసి, అర నిమిషం పాటు ఆ చేతిలో కలిగే మార్పును గమనించాలి. తరువాత ఎడమ పిడికిలి, భుజాలు చెవులదాకా ఎత్తి వదలడం, నుదురు, దవడ, తొడలు, పాదాలు వరుసగా అలాగే. ఎగ్ పికప్ అయ్యాక పొట్ట కండరాలను మాత్రం బిగించవద్దు. దవడ దగ్గర ఎక్కువసేపు ఆగండి. పగలంతా పళ్లు బిగపట్టుకొని ఉన్నామన్న సంగతి ఆ క్షణందాకా తెలియనివారే నాకు ఎక్కువగా కనిపిస్తారు.

ఇది వారం రోజుల్లో పట్టుబడదు. అందువల్ల రెండు వారాల నిరీక్షణలో మొదలుపెడదామని ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టండి, అప్పటికి శరీరానికి అలవాటై ఉంటుంది.

ట్రాన్స్‌ఫర్ గదిలో అది ఎలా అక్కరకు వస్తుందో చెబుతాను. స్కాన్‌లో గర్భాశయం స్పష్టంగా కనిపించాలని ఆ రోజు మూత్రాశయం నిండుగా ఉంచమంటారు. పైన లైటు, కింద చల్లని టేబుల్, పొట్ట మీద జెల్ రాసి ప్రోబ్ నొక్కుతూ ఉంటారు, మూత్రం ఆపుకోవడమే కష్టంగా ఉంటుంది. ఆ సమయంలో “గట్టిగా గాలి పీల్చి పొట్ట నింపండి” అంటే ఇంకా ఇబ్బంది పడతారు. అందుకే నేను తల దగ్గర నిలబడి, పొట్ట కదలకుండా పక్కటెముకలు మాత్రం విచ్చుకునేలా మూడు అంకెలదాకా లోపలికి, ఆరు అంకెలదాకా మెల్లగా నోటితో బయటికి ఊదమని చెబుతాను. కాళ్ల బొటనవేళ్లను వదులుగా ఉంచమంటాను, వేళ్లు వదులైతే తొడలూ వదులవుతాయి. ఇంట్లో ఇంజెక్షన్ వేసుకునేటప్పుడు కూడా ఇదే పద్ధతి. బొడ్డు కింద పక్కగా చర్మాన్ని మడతగా పట్టుకొని, ఊపిరి బయటికి వదులుతున్న క్షణంలో సూది గుచ్చుకోండి.

యోగనిద్ర (పడుకొని, చెప్పే మాటలు వింటూ శరీరాన్ని సడలించుకోవడం), ధ్యానం గురించి రెండు జాగ్రత్తలు చెబుతాను. యోగనిద్రలో సంకల్పం చెప్పుకోమంటారు. “ఈసారి నాకు గర్భం నిలుస్తుంది” అని సంకల్పం పెట్టుకోవద్దని నా సలహా. పిండం గర్భాశయానికి అతుక్కుంటున్నట్లు ఊహించుకోమని చెప్పే ఆడియోలనూ నేను ఇవ్వను. రిపోర్ట్ నెగెటివ్ వచ్చినప్పుడు, తన సంకల్పంలోనే బలం లేదేమోనని, సరిగా ఊహించుకోలేదేమోనని కుమిలిపోయినవారిని నేను చూశాను. “ఈ రాత్రి నాకు విశ్రాంతి దొరుకుగాక” అన్నంత సంకల్పం చాలు. రెండోది, కొందరికి కళ్లు మూసుకొని కదలకుండా పడుకుంటే ఆలోచనలు ఇంకా ముసురుకుంటాయి, గుండె దడ పెరుగుతుంది. మీకు అలా ఉంటే బలవంతంగా కొనసాగించవద్దు. కళ్లు తెరిచి చేసే పని ఏదైనా మంచిదే. అల్లిక, మొక్కలకు నీళ్లు పోయడం, అడుగులు లెక్కపెడుతూ నడవడం వంటివి ధ్యానం కన్నా బాగా పనిచేసినవారు ఉన్నారు.

పూజలు, పారాయణాల గురించి మీరు అడగలేదు కానీ మన ఇళ్లలో అది లేకుండా ఈ విషయం పూర్తికాదు. ఇటలీ పరిశోధకులు 2001లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, జపమాలతో చేసే క్రైస్తవ ప్రార్థన గానీ, యోగ మంత్రం గానీ పలికేటప్పుడు ఊపిరి నిమిషానికి ఆరు సార్లకు నెమ్మదిస్తుందని, దానివల్ల గుండె లయ మెరుగుపడుతుందని గమనించారు. కాబట్టి లలితా సహస్రనామం చదివే అలవాటున్నవారు దానినే నిదానంగా చదువుకోవచ్చు. తస్బీహ్ తిప్పేవారికి, బైబిల్ కీర్తనలు పాడుకునేవారికి కూడా ఇదే మాట. ఉపవాసాలు, గంటల తరబడి ప్రదక్షిణలు, దూరపు మొక్కులు మాత్రం చికిత్స అయ్యేదాకా వాయిదా వేయండి.

అమెరికాలో ఆలిస్ డోమర్ అనే మనస్తత్వవేత్త బృందం 2011లో ప్రచురించిన అధ్యయనాన్ని మీ సెంటర్‌వారు చూపించి ఉండవచ్చు, ఎందుకంటే ఈ రంగంలో అందరూ చూపించేది అదే. మొదటి సైకిల్‌లో, ఒత్తిడి తగ్గించుకునే శిక్షణ తీసుకున్నవారికి, తీసుకోనివారికి ఫలితం సమానంగా ఉంది, 43 శాతమే. రెండో సైకిల్‌లో తీసుకున్నవారిలో 52 శాతం, తీసుకోనివారిలో 20 శాతం మందికి గర్భం నిలిచింది. ఆశ కలిగించే ఫలితమే. కానీ పాల్గొన్నది 143 మంది, రెండో సైకిల్‌దాకా వచ్చినవారు అంతకన్నా తక్కువ. అంత కొద్దిమందిలో వచ్చిన తేడాను ఖాయమనుకోలేము. ఇంకొకటి గమనించండి. అక్కడ ఇచ్చింది మసాజ్ కాదు. పది విడతల బృంద శిక్షణ అది. అందులో సడలింపు అభ్యాసంతో పాటు, ప్రతికూల ఆలోచనలను పట్టుకొని ప్రశ్నించడం, ఇదే దారిలో ఉన్న ఇతర స్త్రీలతో మాట్లాడుకోవడం ఉన్నాయి. నా అనుభవంలోనూ తోటివారితో కూర్చొని మాట్లాడటానికి సాటి వచ్చే థెరపీ లేదు.

రెండు వారాల నిరీక్షణకు ఒక చిన్న సాధనం చెబుతాను. డెబొరా లాంకాసిల్ అనే పరిశోధకురాలు, పైన చెప్పిన బోయివిన్ కలిసి పది వాక్యాలున్న కార్డు ఒకటి రూపొందించారు. దానిని ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి, మధ్యలో అవసరమనిపించినప్పుడు చదువుకోవాలి. ఈ పరిస్థితిలో కూడా మేలైనదేదైనా ఉందేమో చూడటం, తన చేతిలో ఉన్నదాని మీద దృష్టి పెట్టడం ఆ వాక్యాల సారం. గర్భం నిలుస్తుందన్న హామీ అందులో ఎక్కడా ఉండదు. నేను దానిని అనువదించి ఇవ్వకుండా, ఎవరి వాక్యాలు వారినే రాసుకోమంటాను. “డాక్టరు చెప్పినవన్నీ చేశాను”, “ఈరోజు మా ఆయనతో కలిసి భోజనం చేశాను” వంటి మాటలే వస్తాయి, అవి చాలు. ఈ రెండు వారాలూ మంచానికే పరిమితం కావలసిన అవసరం లేదు. పూర్తి విశ్రాంతివల్ల గర్భం నిలిచే అవకాశం పెరగదని అధ్యయనాలు చెబుతున్నాయి, పైగా రోజంతా పైకప్పు చూస్తూ పడుకుంటే ఆందోళన రెట్టింపవుతుంది.

“ఏమైనా విశేషమా?” అని అడిగేవారి నుంచి దూరంగా ఉండటం కూడా నా లెక్కలో రిలాక్సేషన్ థెరపీయే. బంధువుల ఇంట్లో సీమంతానికో, బారసాలకో ఈ నెలలో వెళ్లకపోతే తప్పేమీ లేదు. వెళ్లలేకపోవడానికి కారణం చెప్పే బాధ్యత, బీటా రిపోర్ట్ ఫోన్ ఎత్తే బాధ్యత మీ వారికి అప్పగించండి. ఆయనను కూడా ఒకసారి నాలాంటివారి దగ్గరకు తీసుకెళ్లండి. మగవారు బాధను బయటికి చెప్పుకోకపోయినంత మాత్రాన అది లేదని అనుకోకూడదు.

ప్యాకేజీ డబ్బు సంగతికి వస్తే, సక్సెస్ రేటు పెంచుతామని హామీ ఇచ్చేవారికి ఆ హామీ కోసం ఒక్క రూపాయి కూడా కట్టవద్దు. మన దేశంలో 2021 నాటి ఏఆర్‌టీ చట్టం (ఐవీఎఫ్ వంటి చికిత్సలను నియంత్రించే చట్టం) కింద వచ్చిన 2022 నిబంధనల ప్రకారం ఐవీఎఫ్ చేసే క్లినిక్‌లో కౌన్సెలర్ ఉండాలి. మీ ఆసుపత్రిలో ఆ వ్యక్తి ఎవరో అడిగి, ఇంజెక్షన్లు మొదలయ్యేలోపే కనీసం ఒక గంట సమయం తీసుకోండి. ఫారాలపై సంతకాలు చేయించుకొని పంపించేస్తే ఊరుకోకండి. మిగిలిన డబ్బుతో మీకు యోగా టీచరు కావాలనిపిస్తే, ఐవీఎఫ్ దశల గురించి తెలిసినవారినే చూసుకోండి. “అండాశయాలు ఉబ్బి ఉన్నప్పుడు ఏ ఆసనాలు చేయించరు?” అని అడిగితే వెంటనే సమాధానం చెప్పగలగాలి.

చివరగా, సడలింపుతో సరిపెట్టుకోకూడని సందర్భాలు రెండు ఉన్నాయి. ఇంజెక్షన్ల చివరి రోజులలో గానీ, ఎగ్ పికప్ తరువాత గానీ పొట్ట బాగా ఉబ్బడం, ఆయాసం, మూత్రం తగ్గడం, ఒకటి రెండు రోజులలోనే బరువు పెరగడం, పొట్టలో ఒకవైపు భరించలేని నొప్పి కనిపిస్తే అది ఆందోళన వల్లేనని ప్రాణాయామం చేస్తూ కూర్చోకుండా అర్ధరాత్రయినా ఆసుపత్రికి ఫోన్ చేయండి. రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి పోయి, దేనిపైనా ఆసక్తి లేకుండా ఉంటే, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, సైకియాట్రిస్టును కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. డిప్రెషన్‌కు ఇప్పటికే మందులు వాడుతున్నట్లయితే ఐవీఎఫ్ కోసమని వాటిని సొంతంగా ఆపకండి. గర్భధారణ సమయంలో కూడా వాడదగిన మందులు ఉన్నాయి, మీ ఐవీఎఫ్ డాక్టరును, సైకియాట్రిస్టును ఒకరితో ఒకరిని మాట్లాడించి నిర్ణయించుకోండి.